క్లిప్పులు వేశాక పళ్ల వేర్లు కురచవుతాయా? ఎక్స్‌రే చూసి కంగారు పడే ముందు



ఎనిమిది, తొమ్మిది తరగతుల గదుల్లోకి తొంగిచూస్తే, నవ్వినప్పుడు పళ్ల మీద క్లిప్పులు మెరిసే పిల్లలు నలుగురైదుగురైనా కనిపిస్తారు. ఎత్తు పళ్లు, వంకర పళ్లు సరిచేయించడం పెందుర్తి, వేపగుంట, గోపాలపట్నం ఇళ్లలో ఇప్పుడు మామూలు విషయమైపోయింది. ఖర్చెంత, నొప్పి ఉంటుందా, ఎన్ని నెలలు పడుతుంది అని అందరం అడుగుతాం. పన్ను వేరు గురించి అడిగేవాళ్లు తక్కువ. ఏడాది గడిచాక డాక్టర్ గారు ఒక ఎక్స్‌రే తీసి "ముందు పళ్ల వేర్లు కొంచెం కురచయ్యాయి" అన్నప్పుడు మాత్రం గుండె ఝల్లుమంటుంది. చక్కగా ఉన్న పళ్లను చేజేతులా పాడుచేశామా అన్న అనుమానం ఆ రాత్రి నిద్ర పట్టనివ్వదు.

అసలు విషయం ముందే చెప్పుకుందాం. క్లిప్పులతో పన్నును జరిపినప్పుడు వేరు కొన కొంత కరగడం దాదాపు అందరిలో జరిగేదే. ఎక్కువమంది పిల్లల్లో అది చాలా స్వల్పం, పన్ను బలానికి ఢోకా ఉండదు. పన్ను మీద ఒత్తిడి ఆగితే కరగడమూ ఆగుతుంది, గుంటలు పడిన చోట మానుతుంది. పోయిన పొడవు మాత్రం తిరిగి రాదు. అందుకే కొద్దిమందిలో అది ఎక్కువగా జరుగుతున్నప్పుడు ముందే పసిగట్టడం ముఖ్యం. ఆ పనిలో డాక్టర్‌కి ఎంత బాధ్యత ఉందో, ఇంట్లో మనకూ అంతే ఉంది. ఎలాగో చూద్దాం.

పాల పన్ను నేర్పే పాఠం

మీ పాప మొదటి పాల పన్ను ఊడిన రోజు గుర్తుందా? ఇంటి కప్పు మీదికి విసిరే ముందు ఆ పన్నును చేతిలో పెట్టుకుని చూసే ఉంటారు. కింద వేరన్నదే ఉండదు. నిజానికి ఆ పన్నుకూ వేరుండేది. కింద నుంచి శాశ్వత దంతం పైకి వస్తూంటే, శరీరమే ఆ వేరును కొద్దికొద్దిగా కరిగించేస్తుంది. అందుకే పాల పన్ను తేలిగ్గా ఊడిపోతుంది. అంటే వేరును కరిగించే పనివాళ్లు, అంటే ఆ పని చేసే కణాలు, మన ఒంట్లో ముందు నుంచీ ఉన్నాయి. పాల పళ్ల విషయంలో అవి చేసేది మంచి పనే. శాశ్వత దంతం దగ్గరికి అవే కణాలు వచ్చినప్పుడే మనకు చిక్కు.

పన్ను ఎముకలో ఎలా జరుగుతుంది?

పన్ను దవడ ఎముకలో మేకు దిగినట్టు బిగుసుకుని ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సన్నని దారాల్లాంటి పీచు పొర ఒకటి ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు. రక్తనాళాలు, నరాలు, ఎముకను కట్టే కణాలు, ఎముకను తొలిచే కణాలు అన్నీ ఆ సందులోనే ఉంటాయి.

తడి మట్టిలో పాతిన రాటను ఒక పక్కకు నెమ్మదిగా నెట్టుతున్నామనుకోండి. ముందువైపు మట్టి అణుగుతుంది, వెనకవైపు ఖాళీ ఏర్పడుతుంది. క్లిప్పుల తీగ పన్నును నెట్టినప్పుడూ అంతే. ముందువైపు ఎముక కరిగి దారి ఇస్తుంది, వెనకవైపు కొత్త ఎముక పుట్టి ఖాళీని పూడుస్తుంది. ఇలా పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. చికిత్స ఏడాదిన్నర, రెండేళ్లు పట్టడానికి కారణం ఇదే.

ఇందుకు కావలసిన బలం మనం అనుకునే దానికంటే చాలా తక్కువ. ముందు పన్నును కొద్దిగా ఎముకలోపలికి దించాలంటే 10 నుంచి 20 గ్రాముల బలం చాలు. రెండు పది రూపాయల బిళ్లలు అరచేతిలో పెట్టుకుంటే తెలిసే బరువు అది. పన్నును వేరుతో సహా నిలువుగానే పక్కకు జరపాలంటే సుమారు 70 నుంచి 120 గ్రాములు కావాలి. ఎక్కువ బలం పెడితే పన్ను త్వరగా జరుగుతుందనుకోవడం పొరపాటు. దాని వల్ల నష్టమే ఎక్కువ.

మరి వేరు ఎందుకు కరుగుతుంది?

పీచు పొర మీద ఒత్తిడి పెరిగితే అక్కడి సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తం అందని చోట కణాలు చనిపోయి, ఆ భాగం గాజులా నున్నగా మారుతుంది. ఆ మృత భాగాన్ని తీసేయడానికి చుట్టుపక్కల నుంచి శుభ్రం చేసే కణాలు వస్తాయి. చెత్తతో పాటు పక్కనున్న వేరు పైపొరను కూడా అవి కొంత తొలిచేస్తాయి. వేరు మీద చిన్న చిన్న గుంటలు పడేది అప్పుడే.

వేరు పైపొర పేరు సిమెంటం. అది ఎముక కంటే గట్టిగా తట్టుకుంటుంది. ఎముకలో రక్తనాళాలుంటాయి, అది రోజూ కరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. సిమెంటంలో రక్తనాళాలుండవు, పైన ఇంకా గట్టిపడని ఒక లేత పొర కాపలాగా ఉంటుంది. ఈ తేడా ఉండబట్టే పన్నును నెట్టినప్పుడు ఎముక దారి ఇస్తుంది, వేరు చాలావరకు నిలుస్తుంది. ఈ తేడా లేకపోతే క్లిప్పుల చికిత్స అన్నదే సాధ్యమయ్యేది కాదు.

ఈ సంగతి వైద్యులకు కొత్తేమీ కాదు. శాశ్వత దంతాల వేర్లు కరగడం గురించి 1856లోనే బేట్స్ అనే దంతవైద్యుడు రాశాడు. క్లిప్పుల చికిత్సకూ దీనికీ సంబంధం ఉందని 1914లో అమెరికా వైద్యుడు ఒట్టోలెంగీ చెప్పాడు. 1927లో అమెరికాకే చెందిన కెచమ్ ఎక్స్‌రేలతో చూపించాక చర్చ పెద్దదైంది. ఎంత బలం వాడాలి, ఎంత నెమ్మదిగా వెళ్లాలి అన్నదాని మీద ఇప్పుడున్న జాగ్రత్తలు చాలావరకు ఆ చర్చ నుంచి పుట్టినవే.

ఎంతమందిలో, ఎంతవరకు?

సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తే క్లిప్పులతో జరిపిన పళ్లలో పదింట తొమ్మిదికి పైగా వేర్ల మీద ఏవో కొన్ని గుంటలు కనిపిస్తాయి. ఈ మాట వినగానే భయపడకండి. వాటిలో ఎక్కువ భాగం ఎక్స్‌రేకి కూడా అందనంత చిన్నవి. ఎక్స్‌రేలో కనిపించేవి కూడా చాలామందిలో స్వల్పం నుంచి మధ్యస్థం వరకే. వేరు 4 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ, లేదా పొడవులో మూడో వంతుకు మించి కరిగితే దాన్ని తీవ్రమైనదిగా లెక్కిస్తారు. చికిత్స పొందిన పళ్లలో అలాంటివి 1 నుంచి 5 శాతం వరకు ఉంటాయని పరిశోధనల సమీక్షలు చెబుతున్నాయి.

ఎక్కువగా దెబ్బతినేవి పైదవడ ముందు పళ్లు నాలుగూ. అవి ఒంటి వేరు పళ్లు, వేరు కొన సన్నగా ఉంటుంది. పైగా చికిత్సలో ఎక్కువ దూరం జరిగేవీ అవే. పైదవడ ముందు పన్ను వేరు సగటున 13 మిల్లీమీటర్లు ఉంటుంది. అందులో ఒక మిల్లీమీటరు తగ్గితే 12 మిగులుతుంది. అన్నం తినడానికి, జామకాయ కొరకడానికి, జీవితాంతం నిలవడానికి ఆ 12 ధారాళంగా సరిపోతుంది.

వేరు ఆకారం కారెట్ లాంటిది. పైన లావుగా, కొనకు వచ్చేసరికి సన్నగా ఉంటుంది. అందుచేత కొన దగ్గర కొంత పోయినా పట్టు పెద్దగా తగ్గదు. 1986లో వెలువడిన ఒక అధ్యయనం వేసిన లెక్క చూడండి. వేరు కొన దగ్గర 3 మిల్లీమీటర్లు పోతే కలిగే నష్టం, చిగురు వైపు ఎముక ఒక్క మిల్లీమీటరు పోతే కలిగే నష్టంతో దాదాపు సమానం. ఎక్స్‌రేలో వేరు కొన చూసి దిగులుపడే ఇంట్లోనే, క్లిప్పుల చుట్టూ పాచి పట్టి చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా పట్టించుకోని పరిస్థితి ఉంటుంది. పన్ను భవిష్యత్తుకు ఈ రెండోదే పెద్ద ముప్పు.

మళ్లీ మానుతుందా?

మానుతుంది. శుభ్రం చేసే కణాల పని అయిపోయాక, లేదా తీగ బలం తగ్గిపోయాక, తొలిచే పని ఆగుతుంది. తర్వాత సిమెంటం తయారుచేసే కణాలు గుంటలోకి చేరి కొత్త పొర వేస్తాయి. పీచు దారాలు మళ్లీ దానికి అతుక్కుంటాయి. 1995లో స్వీడన్ పరిశోధకులు దీన్ని నేరుగా పరిశీలించారు. చికిత్స కోసం ఎలాగూ తీయాల్సి ఉన్న పళ్లను కొన్ని వారాలు జరిపి, ఆపి, తర్వాత తీసి సూక్ష్మదర్శినితో చూశారు. బలం ఆపిన మొదటి వారానికి 28 శాతం గుంటల్లో మానడం మొదలైన గుర్తులున్నాయి. ఎనిమిది వారాలకు అది 75 శాతానికి చేరింది. ఒక పిల్లవాడికీ మరో పిల్లవాడికీ తేడాలు చాలా ఉన్నా, మానే పని ఎంత త్వరగా మొదలవుతుందో దీన్ని బట్టి అర్థమవుతుంది.

మానడం అంటే పొడవు తిరిగి పెరగడం కాదు. మన రామకృష్ణా బీచ్‌నే తీసుకోండి. కెరటాలు తీరాన్ని కోస్తే పోర్టు వాళ్లు డ్రెడ్జర్లతో ఇసుక తెచ్చి పోస్తుంటారు. గుంట పడిన చోట తీరం మళ్లీ నిండుతుంది. ఒడ్డున గోడ కూలి కొట్టుకుపోయిందంటే, ఎంత ఇసుక పోసినా ఆ గోడ దానంతట అది లేవదు కదా. వేరు విషయమూ ఇంతే. పక్క గోడల మీద పడిన గుంటలు పూడుకుంటాయి. కొన దగ్గర ముక్క చుట్టూ కరిగి విడిపోతే, మిగిలిన చివర నునుపుగా మాని గుండ్రంగా తేలుతుంది. వేరు కురచగానే ఉండిపోతుంది. కాల్షియం మాత్రలు, పాలు, బలం మందులు ఆ పొడవును తిరిగి తేలేవు. ఈ విషయంలో మీ డబ్బు వృథా చేసుకోకండి.

ఎవరి విషయంలో ఎక్కువ జాగ్రత్త?

ఒకే డాక్టర్, ఒకే రకం తీగ, ఒకే వయసు. అయినా ఒక బిడ్డకు ఏమీ కాదు, మరో బిడ్డకు వేర్లు కనిపించేంతగా కరుగుతాయి. ఇందులో వంశపారంపర్యం పాత్ర గట్టిగా ఉంది. ఇంట్లో అన్నకో అక్కకో క్లిప్పుల సమయంలో వేర్లు కురచై ఉంటే, చిన్నవాళ్ల విషయంలో ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పాలి. చెప్పాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి:

– సైకిల్ మీంచి పడి గానీ, ఆటల్లో గానీ ముందు పళ్లకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా? ఆరేళ్ల కిందటి దెబ్బ అయినా చెప్పండి. మనం మర్చిపోతాం, పన్ను మర్చిపోదు.
– గోళ్లు కొరికే అలవాటు, నాలుకతో పళ్లను ముందుకు నెట్టే అలవాటు ఉన్నాయా?
– ముందు తీసిన ఎక్స్‌రేలో వేర్లు సన్నగా, కొన వంకరగా, లేదా మొదటి నుంచే కురచగా ఉన్నాయా?
– ఇదివరకు ఎక్కడైనా క్లిప్పుల చికిత్స మొదలుపెట్టి ఆపేశారా?
– ఉబ్బసం, థైరాయిడ్ వంటి సమస్యలు, వాడుతున్న మందులు ఉన్నాయా?

చికిత్సలోనూ కొన్ని అంశాలు ముప్పును పెంచుతాయి. బలం ఎక్కువ కావడం, చికిత్స చాలాకాలం సాగడం, వేరు కొన చాలా దూరం జరగాల్సి రావడం, పన్నును ఎముకలోపలికి దించాల్సి రావడం వాటిలో ముఖ్యమైనవి. ఎత్తు పళ్లు బాగా వెనక్కి లాగాల్సిన పిల్లలకు అందుకే కొంత ఎక్కువ నిఘా కావాలి.

ఒక సంగతి మర్చిపోవద్దు. వేరు కరిగిన ప్రతిసారీ నేరం క్లిప్పులదే కాదు. పది నుంచి పదమూడేళ్ల వయసులో పైదవడ కోర పన్ను సరైన దారిలో రాకుండా అడ్డం తిరిగితే, పక్కనున్న ముందు పన్ను వేరును అది కరిగించేయగలదు. అలాంటప్పుడు క్లిప్పులు వేసి ఆ కోర పన్నును దారికి తేవడమే మందు. పన్నెండేళ్లు దాటినా పైన కోర పన్ను ఉబ్బు చిగురులో చేతికి తగలకపోతే ఒకసారి చూపించండి.

తొందర, పరీక్షలు, హాస్టల్

మన ఇళ్లలో అసలు చిక్కు వచ్చేది ఇక్కడే. తొమ్మిదో తరగతిలో క్లిప్పులు వేయిస్తాం. పదో తరగతి వచ్చేసరికి "పరీక్షలయ్యాక వెళ్దాంలే" అంటూ రెండు మూడు నెలలు డాక్టర్ దగ్గరికి వెళ్లం. పరీక్షలవగానే "ఇంటర్‌కి హాస్టల్‌లో వేస్తున్నాం, జూన్ లోపు పూర్తి చేసేయండి" అని ఆయన మీద ఒత్తిడి పెడతాం. ఈ రెండూ వేర్లకు మంచివి కావు.

సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలకోసారి డాక్టర్ చూస్తారు. తీగ బిగించడం అందులో ఒక భాగమే. పన్ను అనుకున్న దారిలో వస్తోందా, అతికించిన బ్రాకెట్ ఏదైనా ఊడిందా, ఏ పన్నైనా ఎక్కువగా వదులైందా అన్నది చూడటం అంతకంటే ముఖ్యం. మనం వెళ్లకపోయినా నోట్లో తీగ, స్ప్రింగ్, రబ్బర్లు వాటి పని అవి చేస్తూనే ఉంటాయి. ఒక బ్రాకెట్ ఊడితే పక్క పన్ను అనుకోని వైపు తిరగొచ్చు. తిరిగిన పన్నును మళ్లీ వెనక్కి తేవాలంటే అదే వేరు మీద రెండోసారి ఒత్తిడి పడుతుంది. చికిత్స కాలం కూడా పెరుగుతుంది. చికిత్స ఎంత పొడిగితే వేరు కరిగే అవకాశం అంత పెరుగుతుందన్నది పైన చెప్పుకున్నదే.

రబ్బర్ల సంగతి కూడా అంతే. రోజూ పెట్టుకోమంటే కొందరు పిల్లలు ఒక రోజు పెట్టుకుని రెండు రోజులు మానేస్తారు. పన్ను అటూ ఇటూ ఊగుతుంది. కొందరు త్వరగా అయిపోతుందని ఒకదాని బదులు రెండు రబ్బర్లు వేసుకుంటారు. అలా చేస్తే బలం రెట్టింపవుతుంది. ఇది పిల్లలకు కూర్చోబెట్టి చెప్పాల్సిన విషయం.

కాబట్టి చికిత్స మొదలుపెట్టే నెల గురించి ఆలోచించండి. ఏడో తరగతి చివర గానీ ఎనిమిదిలో గానీ మొదలైతే పదో తరగతి పరీక్షల నాటికి చాలావరకు పూర్తవుతుంది. పళ్లు వచ్చిన తీరును బట్టి సరైన సమయం ఏదో డాక్టరే చెప్పాలి, కానీ మన పిల్లల చదువు క్యాలెండర్ ఆయన ముందు పెట్టాల్సింది మనమే. మధ్యలో హాస్టల్‌కి పంపక తప్పకపోతే ఆ సంగతి కనీసం మూడు నెలల ముందు చెప్పండి. తీగను ఒత్తిడి లేని స్థితిలో ఉంచడమో, ఆ ఊళ్లోని మరో నిపుణుడికి కాగితాలు, ఎక్స్‌రేలతో సహా అప్పగించడమో చేస్తారు. చెప్పకుండా పంపేస్తే పిల్లవాడు నోట్లో పనిచేస్తున్న తీగతో ఆరు నెలలు ఎవరికీ కనపడకుండా ఉంటాడు.

బడి రోజుల్లో డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే ముందురోజు డైరీలో రాసి పంపండి. రెండు పీరియడ్లు పోతే తిరిగి చెప్పించుకోవచ్చు.

ఎక్స్‌రే ఎప్పుడు?

వేరు కరుగుతున్నప్పుడు నొప్పి ఉండదు, రంగు మారదు, బయటికి ఏ గుర్తూ కనిపించదు. కాబట్టి "మా వాడికి నొప్పేమీ లేదండీ" అన్న మాట మీద ఆధారపడలేం. తెలుసుకునే దారి ఎక్స్‌రే ఒక్కటే.

చికిత్సకు ముందు తీసిన ఎక్స్‌రే ఉండి తీరాలి. అది లేకపోతే తర్వాత పోల్చి చూడటానికి ఏమీ ఉండదు. మొదలుపెట్టిన ఆరు నుంచి తొమ్మిది నెలలకు ముందు పళ్లకు మరోసారి తీయించడం మంచి అలవాటు. వేర్లు ఎక్కువగా కరిగే స్వభావం ఉంటే ఆ సమయానికే చాలావరకు బయటపడుతుంది. అప్పటికి ఏ మార్పూ లేకపోతే తర్వాత తీవ్రంగా కరిగే అవకాశం తక్కువ. దవడ మొత్తం ఒకే పటంలో వచ్చే ఓపీజీ మొదట్లో చూడటానికి బాగుంటుంది, కానీ ముందు పళ్ల దగ్గర అందులో కొలతలు అంత కచ్చితంగా రావు. ఆ పళ్లకు నోట్లో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే మేలు. దానికి వాడే కిరణాల మోతాదు చాలా తక్కువ. ప్రతి నెలా తీయించాల్సిన అవసరం మాత్రం లేదు.

ప్రతి ఎక్స్‌రే కాపీ అడిగి తీసుకుని, తేదీ రాసి ఇంట్లో భద్రపరచండి. పదేళ్ల తర్వాత మరో ఊళ్లో మరో డాక్టర్‌కి అది పనికొస్తుంది.

కురచయ్యాయని తేలితే?

మొదటిది: ఆ రోజే క్లిప్పులు పీకించేయమని పట్టుపట్టకండి. సగంలో ఆగిన పళ్లు కొరుకులో ఒకదానికొకటి తప్పుగా తగులుతూ ఉంటే అదీ నష్టమే.

స్వల్పంగా అయితే డాక్టర్ బలం తగ్గించి, కొన్నాళ్ల తర్వాత మళ్లీ చూస్తారు. కొంచెం ఎక్కువైతే రెండు మూడు నెలలు విరామం ఇస్తారు. ఆ విరామంలో తీగ నోట్లోనే ఉంటుంది, కానీ పన్నును నెట్టదు. వేరు మానడానికి ఆ వ్యవధి ఉపయోగపడుతుంది. 1994లో స్వీడన్‌లో జరిగిన ఒక అధ్యయనంలో, ఆరు నెలలకు వేర్లు కరిగినట్టు తేలిన పిల్లల్లో కొందరికి ఇలా విరామం ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. విరామం తీసుకున్నవారిలో ఆ తర్వాత వేరు సగటున 0.4 మిల్లీమీటర్లు తగ్గితే, తీసుకోనివారిలో 1.5 మిల్లీమీటర్లు తగ్గింది. "మూడు నెలలు ఊరికే పోయాయి" అని మనం విసుక్కునే ఆ కాలం వేరును కాపాడే కాలం.

గమనించండి, డాక్టర్ లెక్కగా ఇచ్చే విరామం వేరు, మనం ఎగ్గొట్టే అపాయింట్‌మెంట్ల విరామం వేరు. మొదటిదాంట్లో తీగ ఒత్తిడి తీసేసి ఉంటుంది. రెండోదాంట్లో ఉండదు.

తీవ్రంగా ఉంటే చికిత్స లక్ష్యాన్నే తగ్గించుకోవాల్సి రావచ్చు. పళ్లు నూటికి నూరుపాళ్లు వరుసలోకి రాకపోయినా, వేర్లు నిలిచేలా తొందరగా ముగించడం తెలివైన పని. అప్పుడు రెండో అభిప్రాయం తీసుకోవడంలో తప్పులేదు. రుషికొండలోని గీతం డెంటల్ కాలేజీలో, సంగివలసలోని అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీలో ఆర్థోడాంటిక్స్ విభాగాలున్నాయి. ఎక్కడికి వెళ్లినా పాత ఎక్స్‌రేలన్నీ వెంట తీసుకెళ్లండి.

క్లిప్పులు తీశాక

పన్నును నెట్టే బలం ఆగిపోయాక వేరు కరగడం ఆగుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు చికిత్సలో వేర్లు కరిగిన 100 మందిని సగటున 14 ఏళ్ల తర్వాత పరీక్షించి, 1989లో ఫలితాలు ప్రకటించారు. వేర్లు ఇంకా కరిగిపోతున్న జాడ కనిపించలేదు. గరుకుగా ఉన్న అంచులు నునుపుదేరాయి. పన్ను బాగా కదిలిపోతున్న సందర్భాలు రెండే కనిపించాయి. "ఇరవై ఏళ్లకే పళ్లు ఊడిపోతాయా?" అని దిగులుపడే తల్లులకు ఇంతకంటే ధైర్యమిచ్చే మాట లేదు.

క్లిప్పులు తీశాక ఇచ్చే రిటెయినర్‌ను చెప్పినన్నాళ్లు చెప్పినట్టు వాడాలి. అది మానేసి పళ్లు మళ్లీ వంకరపోతే, రెండోసారి క్లిప్పులు వేయాల్సి వస్తుంది. మాని నిలిచిన వేరును మళ్లీ పరీక్షకు పెట్టినట్టవుతుంది. వేరు బాగా కురచైన పళ్లున్నవారు ఏటా ఒకసారి చిగుళ్లు చూపించుకోవాలి, పై పళ్లు కింది పళ్లకు గట్టిగా తగులుతున్నాయేమో చూపించుకోవాలి.

తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేవి

*కనిపించని అలైనర్లు వాడితే వేర్లకు ఏమీ కాదా?*
వాటితోనూ పన్ను జరుగుతుంది కాబట్టి వేరు కొంత కరగొచ్చు. ఏది వాడినా ఎక్స్‌రే నిఘా అవసరమే.

*రూట్ కెనాల్ చేసిన పన్నును జరపవచ్చా?*
చక్కగా చేసిన రూట్ కెనాల్ పన్నును జరపవచ్చు. అది మిగతా పళ్ల కంటే ఎక్కువగా కరుగుతుందని భయపడనక్కర్లేదు.

*వేర్లు కరుగుతాయంటే క్లిప్పులు వేయించకపోవడమే మంచిదా?*
బాగా ముందుకు వచ్చిన పళ్లు పడిపోయినప్పుడు తేలిగ్గా విరుగుతాయి. ఇరుకుగా ఉన్న పళ్ల మధ్య శుభ్రం చేయడం కష్టం. చికిత్స అవసరమైన బిడ్డకు లాభం ఎక్కువ, ఈ నష్టం చాలామందిలో చిన్నది. కేవలం ఫొటోల్లో బాగుండాలని, అవసరం స్వల్పంగా ఉన్నప్పుడు మాత్రం ఆలోచించి నిర్ణయించుకోండి.

*ఎవరి దగ్గర చేయించాలి?*
బీడీఎస్ తర్వాత ఆర్థోడాంటిక్స్‌లో మూడేళ్ల ఎండీఎస్ చదివినవారు ఈ పనిలో నిపుణులు. అడగడానికి మొహమాటపడకండి.

మొదటి రోజే అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. మా బిడ్డ ముందు పళ్ల వేర్లు ఇప్పుడు ఎలా ఉన్నాయి? ఎక్స్‌రేలో చూపిస్తారా?
2. ఏ పళ్లు ఎక్కువ దూరం జరగాలి?
3. మళ్లీ ఎక్స్‌రే ఎప్పుడు తీస్తారు?
4. వేర్లు కరుగుతున్నట్టు తేలితే మీ ప్రణాళిక ఏమిటి?
5. పరీక్షల నెలల్లో అపాయింట్‌మెంట్లు ఎలా సర్దుకుందాం?

ఈ ఐదింటికీ ఓపిగ్గా జవాబు చెప్పే డాక్టర్ దొరికితే సగం దిగులు తీరినట్టే. మిగతా సగం మన చేతిలో ఉంది. చెప్పిన తేదీకి వెళ్లడం, తొందరపెట్టకపోవడం, రాత్రి పడుకునే ముందు బిడ్డ పక్కన నిలబడి క్లిప్పుల చుట్టూ శుభ్రంగా బ్రష్ చేయించడం. వచ్చే అపాయింట్‌మెంట్ తేదీ ఎప్పుడో ఒకసారి క్యాలెండర్‌లో చూసుకోండి. అది పరీక్షల వారంలో పడితే, ఈ రోజే ఫోన్ చేసి మార్పించుకోండి.